గొంతు పోయిన పద్నాలుగు రోజులు

ఈ కాగితం మీద అక్షరాలు నావి కావు. నేను చెబుతున్నాను, నా భార్య సుగుణ రాస్తోంది. మాది తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తం. తాతల కాలం నుంచి ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ మా చదువులు మాత్రం తమిళంలో. సుగుణ పుట్టిల్లు పొన్నై అవతల, ఆంధ్రా సరిహద్దు దాటగానే వచ్చే పల్లె. పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. మనుషుల మాటలు మనం మాట్లాడినట్టే ఉంచు, మిగతాదంతా పుస్తకాల తెలుగులో రాయి అన్నాను.

"నువ్వు చెప్పేదాంట్లో సగం తిట్లే కదా మామా. అవి కూడా రాయాల్నా?" అంది.

రాయమన్నాను. అవి తీసేస్తే ఇక చెప్పడానికేమీ మిగలదు.

గొంతు బొంగురుపోయి నెలలు దాటినా మిరియాల కషాయం తాగుతూ కాలం గడిపేవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది కొంత వాళ్ల కోసం. మిగతాది నా కోసమే.

మాసి నెల

నేను మేస్త్రీని. ముప్పై ఏళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. మేస్త్రీకి చేతిలో తాపీ కన్నా గొంతు ముఖ్యం అని మా నాయన చెప్పేవాడు. కింద మిక్సర్ తిరుగుతుంటే పైఅంతస్తులో ఉన్నవాడికి మాట చేరాలంటే అరవాల్సిందే. నేను అరిస్తే పక్క వీధిలో పనిచేసేవాళ్లు కూడా తల తిప్పి చూసేవాళ్లు. అదేదో గొప్ప అనుకునేవాణ్ని. ఆ గొంతుతోనే ఇంటికి వచ్చేవాణ్ని. చెప్పులు గడప బయట విడిచేవాణ్ని గానీ గొంతు విడిచేవాణ్ని కాదు.

దీపావళి నాటికే నా మాట బొంగురుపోయింది. సుగుణ ఒకటికి పదిసార్లు చెప్పింది.

"ఒకసారి ఆస్పత్రికి పోదాం మామా. గొంతులో ఏదో ఉండాది."

"సిమెంటు దుమ్ము పడింది, అంతే. నీకేం తెలుసు?"

నీకేం తెలుసు అనేది నాకు ఊతపదం. రోజుకి ఎన్నిసార్లు అనేవాణ్నో నాకే తెలియదు. సుగుణ తమలపాకులో మిరియాలు చుట్టి ఇచ్చేది, నేను నమిలి మింగేవాణ్ని, మళ్లీ పనికి పోయి అరిచేవాణ్ని.

మాసి నెలాఖరులో, అంటే మార్చి నడుమ, ఒక ఇంటికి పైకప్పు కాంక్రీటు పోస్తున్నాం. కాంక్రీటు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, ఆ రోజు మేస్త్రీకి కూర్చునే తీరిక ఉండదు. పొద్దున ఆరింటి నుంచి అరుస్తూనే ఉన్నాను. పదకొండు దాటాక ఒక కూలీ కట్టిన ఇనుప కమ్మీల మీద అడ్డంగా నడిచిపోతున్నాడు. "రేయ్!" అనబోయాను. రాలేదు. గాలి వచ్చింది, శబ్దం రాలేదు. ఇంకోసారి నోరు తెరిచాను. మళ్లీ అంతే.

గోవిందన్ అని నా దగ్గర పదిహేనేళ్లుగా ఉన్న తాపీ పనివాడు నా ముఖం చూసి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైనాది మేస్త్రీ? నువ్వు కూర్చో, నేను చూసుకుంటా." సాయంత్రం దాకా వాడే పని నడిపించాడు. పైకి ఎక్కి మనిషి పక్కన నిలబడి చెప్పేవాడు, కిందికి దిగి ఇంకొకడికి చెప్పేవాడు. ఒక్కసారి కూడా అరవలేదు. కప్పు ఎక్కడా తేడా లేకుండా పడింది. మెచ్చుకోవాల్సింది పోయి నాకు కడుపు మండింది.

పంగుణి నెల

వేలూరు పెద్దాసుపత్రి గురించి చెప్పేదేముంది, మా వైపు ఎవరికి ఏం వచ్చినా అక్కడికే. బస్సు దిగి లోపలికి వెళ్లామో లేదో, సుగుణ నాకన్నా ముందు నడవడం మొదలుపెట్టింది. తలెత్తి బోర్డులు చూసుకుంటూ, "చీటీ ఇక్కడ, గొంతు డాక్టరు అట్లా ఎడమ పక్క" అంటూ తిన్నగా తీసుకుపోయింది. నాకు ఆశ్చర్యం వేసింది. గుడియాత్తం బజారులో నాలుగు అడుగులకొకసారి దారి అడిగే మనిషికి ఇక్కడ ఇంత ధైర్యం ఎక్కడిది? ఆ బోర్డుల మీద తమిళం, ఇంగ్లీషు కింద తెలుగులో కూడా రాసి ఉంది. నేను ఆ వరస చూడలేదు. నాకు అవసరం లేనిది నా కంటికి ఆనదు.

ముక్కులో నుంచి సన్నటి గొట్టం పంపి చూశారు. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. తమిళంలో నిదానంగా చెప్పింది. స్వరతంత్రి మీద చిన్న గడ్డ ఉంది, తీసి పరీక్షకి పంపుతాం, చెడ్డదని తేలితే ఇంకా లోతుగా తీయాల్సి వస్తుంది, అప్పుడు గొంతు మిగులుతుందని చెప్పలేం. నేను గాలితోనే అడిగాను, "మాటే ఉండదా?" ఆమె చీటీ రాస్తూ, "ఫలితం రానీండి, ఇప్పుడే ఎందుకు భయపడటం" అంది. భయపడటానికి వేరే వేళ ఉంటుందా?

బయట హాలులో మా ఎదురుగా బెంగాల్ నుంచి వచ్చిన ఆలుమగలు కూర్చుని ఉన్నారు. అతని మెడ ముందు తెల్లటి గుడ్డ కట్టి ఉంది. మాట లేదు. ఏదైనా కావాలంటే భార్య మోచేతి మీద వేలితో తట్టేవాడు, ఆమె అతని కళ్లలోకి చూసి నీళ్ల సీసా అందించేది. నేను అతని మెడ వైపు చూడకూడదనుకుంటూనే అదేపనిగా చూశాను. ఆమె సంచీలో నుంచి బొరుగులు తీసి సుగుణ దోసిట్లో పోసింది. ఆమె బెంగాలీలో ఏదో అంది, సుగుణ తెలుగులో "మీవాళ్లకి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. ఇద్దరికీ ఏం అర్థమైందో గానీ, ఆ రోజంతా ఒకరి సంచీ ఒకరు కాపలా కాసుకున్నారు.

నాలుగు రోజులకి ఆపరేషన్ అయింది. మెలకువ వచ్చేసరికి డాక్టరమ్మ వేలు పెదవుల మీద పెట్టి చూపిస్తోంది. "పద్నాలుగు రోజులు. పేసక్కూడాదు, మాట్లాడకూడదు. ఒక్క మాట కూడా. గుసగుస అసలే వద్దు." పద్నాలుగో రోజు వస్తే గొంతు చూస్తాం, పరీక్ష ఫలితం కూడా ఆ రోజే చెబుతాం అంది.

మూడో రోజు

మా కూతురు హేమ కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే అదే నాకొక నోటుపుస్తకం ఇచ్చింది. కావలసింది దాంట్లో రాసేవాణ్ని, తెలుగు మాటలే, తమిళ అక్షరాల్లో. సుగుణ కాగితం అందుకుని, ఒకసారి చూసి, "సరి సరి" అంటూ లోపలికి పోయేది. కాసేపటికి అడిగింది వచ్చేది. రెండు రోజులు అలా గడిచాయి.

మూడో రోజు హేమ కాలేజీకి పోయింది. నేను వేడి నీళ్లు కావాలని రాశాను. సుగుణ కాగితం చూసి లోపలికి పోయి దుప్పటి తెచ్చింది. తల అడ్డంగా ఊపి మళ్లీ రాశాను. ఈసారి మాత్రలు తెచ్చింది. నాకు కోపం తలకెక్కింది. పెద్ద పెద్ద అక్షరాలతో, కాగితం చిరిగేటట్టు, నోటికొచ్చిందంతా రాశాను. సుగుణ ఆ పుస్తకాన్ని పట్టుకుని నిలబడింది. నేను పుస్తకం లాక్కుని గోడకేసి కొట్టాను.

సాయంత్రం హేమ వచ్చి నేలమీద పడి ఉన్న పుస్తకం తీసింది. "ఏంది నాయనా, ఏం కావాల?" అంటూ అలవాటుగా పైకి చదవడం మొదలుపెట్టింది.

"వేడి నీళ్లు అడిగితే దుప్పటి తెస్తావా. బుర్ర యాడ పెట్టినావు. ఇరవై రెండేళ్లుగా చూస్తా ఉండాను, నీకు ఒక్క పని సరిగ్గా..."

అక్కడ ఆగింది. నా మాటలే. కానీ నా కోపం వాటిలో లేదు, పాఠం చదివినట్టు చదివింది. కోపం తీసేస్తే ఆ మాటలు ఎంత నీచంగా ఉన్నాయో మొదటిసారి విన్నాను. వాటిని నా బిడ్డ నోట, వాళ్లమ్మ ఎదురుగా విన్నాను.

"నేను చదవను నాయనా. మా అమ్మను తిట్టేదానికి నా నోరు కావాల్నా నీకు?" అంది హేమ. దాని కళ్లలో నీళ్లు. "అమ్మకి తమిళం చదివేదానికి రాదు. నీకు తెలీదా?"

నాకు తెలియదు.

మీరు నమ్మరు. నేను కూడా నమ్మలేదు. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. చదవాల్సిన కాగితాలు హేమకి అక్షరాలు వచ్చిన దగ్గర్నుంచి అదే చదివి పెడుతోందట, ఈ రెండు రోజుల నా చీటీలు కూడా. అంతకుముందు పక్కింటి వాళ్లట. నేను ఫోనులో ఏదైనా రాసి పంపితే సుగుణ ఏనాడూ రాసి బదులివ్వలేదు, గొంతే రికార్డు చేసి పంపేది. బద్ధకం అనుకున్నాను. బద్ధకం అని తిట్టాను కూడా. ఆమె ఎందుకు చెప్పలేదు అని మొదట కోపం వచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. తర్వాత నా ఊతపదం గుర్తొచ్చింది. నీకేం తెలుసు అని పొద్దున లేస్తే అనేవాడి దగ్గరికి వచ్చి, నాకు ఇది తెలియదు అని ఎవరు చెప్పుకుంటారు?

వంటింట్లో సుగుణ అటు తిరిగి నిలబడి ఉంది. ఎసరు మరుగుతున్నా బియ్యం వేయలేదు.

ఆ తర్వాత నాకు గుర్తొచ్చింది పేర్ణాంబట్ పెళ్లి. ఎనిమిదేళ్ల కిందట, మా అక్క కూతురిది. నేను హేమను తీసుకుని ముందురోజే వెళ్లాను, పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్ అని సుగుణకి చెప్పాను. పిల్లకి అత్త వరస, ఆమె చేతుల మీదుగా జరగాల్సినవి ఉన్నాయి. తాళి కట్టడం అయిపోయి, బంతిలో ఆకులు వేశాక వచ్చింది. చీర నలిగిపోయి, ముఖం వాడిపోయి ఉంది. రెండు వరసల మంది భోజనం ముందు కూర్చుని ఉండగా అరిచాను. "ఇంత దూరం రావటం చేతకాదు, నీకన్నా ఇటుకలు మోసే గాడిద నయం." ఒకరిద్దరు నవ్వారు. సుగుణ "బస్సు రాలేదు" అని ఒక్క మాట అంది. ఆ రోజు ఆమె తినలేదని నాకు ఇప్పుడే గుర్తొచ్చింది.

బస్సు ఎందుకు రాదు? ఆ దారిలో బస్సులకేం తక్కువ? అడగాలి. తప్పయిందని చెప్పాలి. కానీ నోరు తెరవకూడదు. రాస్తే హేమ చదివి వినిపించాలి, ఆ మాట బిడ్డ నోటితో అడిగించలేను. పద్నాలుగో రోజున ఫలితం చెడ్డదని వస్తే ఇక ఎప్పటికీ అడగలేను. అంతవరకు గొంతు పోతే పని ఎలా అని భయపడ్డాను. ఆ రోజు నుంచి, గొంతు పోతే ఈ మాట నాతోనే పోతుందే అని భయపడ్డాను.

అయిదో రోజు నుంచి

అటక మీద హేమ చిన్నప్పటి పలక ఉంది. దించి తుడిచాను. తమిళంలో అ రాసి, సుగుణకి చూపించి, మీ దాంట్లో ఎట్లా అని సైగ చేశాను. ఆమెకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఈ వయసులోనా? సరి, కూర్చో. బలపం గట్టిగా పట్టుకోవాకు, అది తాపీ కాదు."

వంట అయ్యాక పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట. ఆమె తెలుగు అక్షరం రాస్తే నేను దిద్దాను, దాని పక్కన నేను తమిళ అక్షరం రాస్తే ఆమె దిద్దింది. నా వేళ్లకి గుండ్రాలు ఒక పట్టాన తిరగలేదు. ఎన్నిసార్లు తప్పు రాసినా సుగుణ విసుక్కోలేదు. చెరిపి మళ్లీ రాసేది. నేనైతే మూడోసారికే పలక విసిరేసి ఉండేవాణ్ని.

అక్షరాల మధ్యలో ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. తను బడికి నడిచి పోయిన దారి, లెక్కల్లో తనకే ఎక్కువ మార్కులు రావడం, పెళ్లయి వచ్చిన కొత్తలో మందుల డబ్బాలను రంగును బట్టి గుర్తుపెట్టుకోవడం. నేను వింటున్నాను. వినక చేసేదేముంది?

"నువ్వు మద్దెలో అడ్డం రావు కదా మామా, చెప్పుకొనేదానికి బాగుండాది" అంది ఒక రోజు. సరదాగానే అంది. నేను తల వంచుకుని పలక తుడిచాను.

ఆ రోజుల్లో నా మనసులో ఎన్ని అరుపులు లేచేవో లెక్కలేదు. కాఫీ చల్లారితే ఒకటి, తలుపు చప్పుడైతే ఒకటి. నోరు మూతపడి ఉంది కాబట్టి ప్రతిదాన్నీ పుట్టిన చోటే చూడాల్సి వచ్చేది. చూస్తే వాటిలో చాలావాటికి కారణమే లేదు. సుగుణ తప్పు చేసిందని కాదు, నాకు భయం వేసినప్పుడల్లా అరుస్తున్నాను. కప్పు కూలుతుందేమో, పని పోతుందేమో, నలుగురిలో చులకన అవుతానేమో. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేను యాభై ఏళ్లు ఊరినే తప్పుపడుతూ వచ్చాను.

పద్నాలుగో రోజు

వేలూరులో అదే హాలు, అవే కుర్చీలు. బెంగాల్ దంపతులు లేరు. ఊరికి పోయారో, లోపల ఉన్నారో తెలియదు. సుగుణ వాళ్లు కూర్చున్న చోటు వైపు రెండుసార్లు చూసింది.

సంచీలో నుంచి పలక తీశాను. లోపలికి పిలిస్తే ఏం వినాల్సి వస్తుందో, దానికి ముందే అడగాలి. చాలాసేపు పట్టింది తెలుగు అక్షరాల్లో రాయడానికి. రాసి ఆమె ఒళ్లో పెట్టాను.

పేర్ణాంబట్ పెళ్లి. బస్సు బోర్డు చదవలేకనా?

నేను రాసింది ఆమె ఎవరి సాయమూ లేకుండా చదవడం అదే మొదటిసారి. చదివింది. ముందు ఒక దీర్ఘం వదిలేశానని వేలితో తుడిచి సరిచేసింది. తర్వాత చెప్పింది.

"అడిగినాను మామా. ఊరికే ఎక్కలేదు. ఒకాయనని అడిగితే, ముందర నిలబడిండే బండి అన్నాడు. నేను పూలు కొనుక్కుని వచ్చేలోపల అది కదిలి పోయినాది, యెనకది ముందుకొచ్చినాది. నాకేం తెలుసు? ఎక్కినాను. పళ్ళికొండలో దిగినాక తెలిసినాది, అది ఇంకో దిక్కని. ఆడ బస్టాండులో నిలబడి ఏడ్చినాను. మళ్లీ గుడియాత్తం వచ్చి, మళ్లీ పేర్ణాంబట్ బస్సు ఎక్కినాను. పూలు మాత్రం వాడిపోకుండా ఒళ్లోనే పెట్టుకున్నాను."

నాకేం తెలుసు అన్న మాట ఆమె నోటి నుంచి వచ్చింది. నేను నేర్పిన మాటే. నేను పలక తీసుకుని తప్పు నాది అని రాశాను. రెండో మాట వంకరపోయింది. ఆమె దాన్ని సరిచేయలేదు.

అప్పుడే మా నంబరు పిలిచారు.

డాక్టరమ్మ ముఖం చూడగానే నాకు సగం తెలిసింది. చెడ్డది కాదు. కానీ వదిలేసి ఉంటే ఎటు తిరిగేదో చెప్పలేం, మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి, మళ్లీ అరిస్తే మళ్లీ వస్తుంది అంది. సుగుణ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఇవాళ్టి నుంచి కొద్దికొద్దిగా మాట్లాడొచ్చు, పది మాటలకి మించవద్దు, ఒకసారి ఆ అనండి అంది. అన్నాను. గరగరమంటూ, కానీ వచ్చింది. శబ్దం వచ్చింది. నా కళ్ల వెంట నీళ్లు కారాయి, ఆపుకోలేదు.

పది మాటలు. ఒక్కటి కూడా ఆస్పత్రిలో ఖర్చు చేయలేదు.

బస్టాండులో గుడియాత్తం బస్సులు నిలబడే చోటికి వచ్చాం. ఎప్పుడూ నేను ముందు పరుగెత్తి, ఎక్కి, "రా రా" అని అరిచేవాణ్ని. ఆ రోజు సుగుణ ఒక బస్సు ముందు ఆగి బోర్డు చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. అది మా బస్సేనని నాకు తెలుసు. కండక్టరు విజిల్ వేశాడు. అరుపు నా గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు గొంతు కూడా ఉంది, డాక్టరు అనుమతి కూడా ఉంది. పళ్లు బిగించి నిలబడ్డాను. ఆమె "యాత్తం" అనేలోపల బస్సు కదిలిపోయింది.

సుగుణ గిరుక్కున నా వైపు తిరిగింది. భుజాలు దగ్గరికి ముడుచుకుని, కొంగు బిగించి పట్టుకుని, తిట్టు కోసం నిలబడింది. ఇరవై రెండేళ్లుగా నేను అరిచినప్పుడల్లా ఆమె అలాగే నిలబడి ఉంటుంది. నేను చూడటం అదే మొదటిసారి.

"ఇంకోటి వస్తాది" అన్నాను. "కూర్చుందాం రా."

గొంతు నాదిలా లేదు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆమె భుజాలు దిగడానికి చాలాసేపు పట్టింది. పావుగంటకి ఇంకో బస్సు వచ్చి నిలబడింది. సుగుణ లేచి వెళ్లి, బోర్డు మొత్తం, చివరి అక్షరం దాకా పైకే చదివింది. చదివి నా కోసం చూడకుండా ఎక్కింది. నేను ఆమె వెనకాల ఎక్కాను.